దోషం గీజరుదా, గొట్టానిదా?

చన్నీళ్ల కుళాయి తిప్పితే వేణ్ణీళ్లు వస్తాయి. వేణ్ణీళ్ల కుళాయి తిప్పితే నాలుగు చెంబులు వెచ్చగా వచ్చి, ఆపైన చల్లబడతాయి. షవరు కింద నిలబడ్డ మనిషికి ఉన్నట్టుండి ఒళ్లు చుర్రుమంటుంది, అంతలోనే వణుకు పుడుతుంది. మిద్దె మీద సోలారు, బాత్‌రూములో గీజరు, గోడకు మిక్సరు ఉన్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రగడ తప్పదు. అప్పుడు ఇంట్లోవాళ్లు రెండు పక్షాలవుతారు. ఒకరు యంత్రాన్ని అనుమానిస్తే, ఇంకొకరు నీళ్లు నడిచే దారిని అనుమానిస్తారు. నా మొగ్గు రెండో పక్షానికేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే మొదటి పక్షం వాదాలు కొట్టిపారేసేవి కావు. అందుకని వాటిని ఒక బావగారి నోట పెట్టి, జవాబులు ఆయన బావమరిది చేత చెప్పిస్తున్నాను. బావగారు అపార్టుమెంటు సంఘం జమాఖర్చులు చూసే మనిషి, ఏ పనైనా ఇవాళే తేలిపోవాలంటారు. బావమరిదికి పైపుల సంగతీ పంపుల సంగతీ తెలుసు, తొందరపడడు.

బావ: ఇందులో అంత ఆలోచించాల్సింది ఏముందోయ్? నీళ్లు కాచేది గీజరు. నీళ్లు కాగలేదంటే అది పని చెయ్యనట్టే. కాయిల్ మార్పించు, లేదంటే థర్మోస్టాట్ మార్పించు, ఏడెనిమిదేళ్లు దాటిన సరుకైతే మొత్తం గీజరే మార్చెయ్. ప్లంబరును పిలిచి గోడలు తడిమిస్తూ కూర్చుంటే రెండు పూటల కూలీ పోతుంది, పొద్దున్నే ఆఫీసుకు పోవలసినవాళ్ల స్నానాలూ ఆగిపోతాయి. కొత్త గీజరుకు గ్యారంటీ కార్డు ఇస్తారు. నీ అనుమానాలకు ఎవరిస్తారు గ్యారంటీ?

బావమరిది: గీజరు పని చేస్తోందో లేదో తేల్చడానికి గ్యారంటీ కార్డు అక్కర్లేదు బావగారూ, గోడ గడియారం చాలు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌల్స్ కావాలి. 15 లీటర్ల గీజరులో 25 డిగ్రీల నీళ్లను 60 డిగ్రీలకు తేవాలంటే 2,200 కిలోజౌల్స్. 2 కిలోవాట్ల కాయిల్ సెకనుకు 2 కిలోజౌల్స్ ఇస్తుంది కాబట్టి ఆ పనికి 1,100 సెకన్లు, అంటే 18 నిమిషాల పైచిలుకు పడుతుంది. కుళాయిలన్నీ కట్టేసి స్విచ్చి వేయండి. 20 నిమిషాలకు అటూ ఇటూగా లైటు ఆరితే కాయిలూ థర్మోస్టాటూ రెండూ బాగున్నట్టే. ఐదు నిమిషాలకే ఆరిపోయి నీళ్లు వెచ్చబడకపోతే థర్మోస్టాట్‌ను అనుమానించండి, మీ మాటే ఒప్పుకుంటాను. అరగంట పట్టిందనుకోండి, గీజరును తిట్టేముందు వోల్టేజీ చూడండి. 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తుంటే కాయిల్ సత్తా ఐదో వంతు కాదు, ఐదింట రెండు వంతులు పడిపోతుంది, 18 నిమిషాల పని 30 నిమిషాలకు సాగుతుంది. ఇక లైటు సకాలంలోనే ఆరింది, అయినా నాలుగు చెంబులకే నీళ్లు చల్లబడ్డాయంటే లెక్క ఇంకా తేలిక. 60 డిగ్రీల నీళ్లు ఒక పాలుకు 25 డిగ్రీల నీళ్లు ఒకటిన్నర పాళ్లు కలిపితే 39 డిగ్రీలు, ఒంటికి హాయిగా ఉండే వేడి. ఆ లెక్కన 15 లీటర్ల గీజరు రెండు బకెట్ల స్నానం ఇవ్వాలి. కాగిన నీళ్లు లోపల ఉండి కూడా బయటికి రావడం లేదంటే కాచేవాడిది తప్పు కాదు, మోసేవాడిది.

బావ: మోసేవాడంటే పైపేగా? పైపు నీళ్లను చల్లబరుస్తుందంటావా?

బావమరిది: చల్లబరచదు, తప్పుదారి పట్టిస్తుంది. గోడకు నిలువుగా బిగించే గీజరుకు కింద రెండు ముక్కులుంటాయి, నీలం రంగు ఉన్నది చన్నీళ్లు లోపలికి వెళ్లడానికి, ఎరుపు ఉన్నది వేణ్ణీళ్లు బయటికి రావడానికి. వేడి నీరు తేలిక, పైకి చేరుతుంది. అందుకే బయటికి పోయే గొట్టం లోపల పైదాకా లేచి ఉంటుంది, లోపలికి వచ్చే చన్నీళ్లు అడుగునే పడతాయి. బిగించేవాళ్లు ఈ రెంటినీ తారుమారు చేస్తే చన్నీళ్లు పైన పడి వేణ్ణీళ్లలో కలిసిపోతాయి, కుళాయికి వచ్చేవి అడుగు నీళ్లు. కొత్త గీజరు పెట్టిన మర్నాటి నుంచే నీళ్లు గోరువెచ్చగా వస్తున్నాయంటే చూడవలసిన మొదటి చోటు అదే. సోలారూ గీజరూ రెండూ ఉన్న ఇళ్లలో ఇంకో తిరకాసు ఉంది. ఎండ కాసే రోజుల్లో సోలారు నీళ్లు గీజరులోకి వెళ్లకుండా నేరుగా కుళాయికి రావడానికి బైపాస్ పెడతారు. వానాకాలంలో గీజరు స్విచ్చి వేస్తారు గానీ బైపాస్ వాల్వు కట్టడం మరిచిపోతారు. నీళ్లకు గీజరులోంచి తిరిగి రావలసిన పనేముంది? అడ్డం లేని దారినే పోతాయి. లోపల 15 లీటర్లు సలసల కాగుతుంటే బయట మబ్బు పట్టిన సోలారు నీళ్లే పారుతుంటాయి. ఇలాంటి ఇంట్లో మీరు చెప్పినట్టు గీజరు మార్చినా ఫలితం మారదు, పాత గీజరును అన్యాయంగా పాత సామాన్లవాడికి ఇచ్చినట్టవుతుంది.

బావ: బాగుంది. మరి వంటింట్లో పెట్టుకునే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు సంగతేమిటి? దానికి బైపాసూ లేదు, తారుమారూ లేదు. చలికాలం వచ్చేసరికి నీళ్లు కాగనే కాగవు.

బావమరిది: కాగవు, అది దాని తప్పు కాదు. 3 కిలోవాట్లతో నిమిషానికి 3 లీటర్ల ధారను 14 డిగ్రీలు పెంచవచ్చు. కుళాయి పూర్తిగా తిప్పి 6 లీటర్లు లాగితే 7 డిగ్రీలే. ఆదిలాబాదులో డిసెంబరు పొద్దున ఆ 7 డిగ్రీలు చేతికి తెలియను కూడా తెలియవు. ధార సగానికి తగ్గించండి, అదే గీజరు బాగుపడినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్కమాట కల్పించుకోవాలి. ఇంతవరకు జరిగిన వాదంలో బావగారు ఓడినట్టు కనిపిస్తున్నారు గానీ, ఆయన అసలు బలం వేణ్ణీళ్లు చల్లగా రావడంలో లేదు, చన్నీళ్లు వేడిగా రావడంలో ఉంది. మన ప్రాంతపు ఎండలు ఆయన పక్షాన సాక్ష్యం చెబుతాయి.

బావ: సరేనోయ్, వేణ్ణీళ్ల గొడవ నీకే వదిలేస్తాను. చన్నీళ్ల కుళాయిలో వేణ్ణీళ్లు వస్తే మాత్రం దానికి పైపులు వెతకనక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకున్నవాడికి కుళాయిలో చన్నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ట్యాంకుకు తెల్ల సున్నం కొట్టించు, పైన ఒక రేకు వేయించు, అయిపోయింది.

బావమరిది: ఎండ కారణమైతే అది దాచుకోదు బావగారూ, వేళ తప్పకుండా వస్తుంది. అంగుళం పైపులో మీటరుకు సుమారు అర లీటరు నీళ్లు నిలుస్తాయి. మిద్దె మీద 20 మీటర్ల పైపు ఎండకు పడి ఉంటే అందులో 10 లీటర్లు కాగి ఉంటాయి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే అర బకెట్ దాకా వేడిగా వచ్చి, ఆ తర్వాత వేడి తగ్గితే దోషం పైపుది, దానికి ఏదైనా చుట్టబెట్టించండి. బకెట్ల కొద్దీ పట్టినా వేడి తగ్గకపోతే దోషం ట్యాంకుది, మీరు చెప్పిన తెల్ల సున్నం, రేకు బ్రహ్మాండమైన మందు. తెల్లవారుజామున 5 గంటలకు, రాత్రంతా ఆరిన పైపులోంచి, అందులోనూ ఒక్క బాత్‌రూములోనే చేయి కాలేటట్టు నీళ్లు వస్తున్నాయంటే మాత్రం అది సూర్యుడి పని కాదు. వేణ్ణీళ్ల గొట్టమూ చన్నీళ్ల గొట్టమూ ఎక్కడో ఒకదానిలో ఒకటి తెరుచుకుని ఉన్నాయి. ఆ రెండూ ఇంట్లో కలిసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, మిక్సరు, డైవర్టరు, మిక్సరు నుంచి గొట్టం లాగిన చేతి షవరో హెల్త్ ఫాసెటో. ఈ చివరిదే ఎక్కువసార్లు దొంగ. వాడినవాళ్లు చేతిలోని మీట వదిలేస్తారు, నీళ్లు ఆగిపోతాయి, కట్టేశామనుకుంటారు. మిక్సరు పిడి మాత్రం మధ్యలో తెరిచే ఉంటుంది. నీళ్లు బయటికి రావు, కానీ లోపల వేడికీ చల్లకూ మధ్య తలుపు తెరిచి ఉంటుంది. ఏ వైపు ఒత్తిడి ఎక్కువైతే ఆ వైపు నీళ్లు రెండో గొట్టంలోకి దూరతాయి. మిక్సరు లోపలి కార్ట్రిడ్జ్ అరిగినా ఇదే జరుగుతుంది, అప్పుడు పిడి కట్టేసినా లాభం లేదు.

బావ: ఆగు, ఇక్కడ పట్టుకున్నాను నిన్ను. రెండు గొట్టాలకూ నీళ్లు వచ్చేది ఒకే ట్యాంకు నుంచి, ఒకే ఎత్తు నుంచి. ఎత్తు ఒకటైతే ఒత్తిడి ఒకటే, ఇది హైస్కూలు పాఠం. ఒత్తిళ్లు సమానమైనప్పుడు తలుపు తెరిచి ఉన్నా నీళ్లు ఎటు కదులుతాయి? ఎందుకు కదులుతాయి?

బావమరిది: మంచి ప్రశ్న, ఎక్కువమంది మేస్త్రీలు తడబడేది కూడా ఇక్కడే. కుళాయిలన్నీ కట్టి ఉన్నంతసేపూ మీరన్నది నిజం, పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి, రెండు వైపులా అంతే. నీళ్లు పారడం మొదలవగానే ఆ సమానం చెడుతుంది. వాషింగ్ మెషీను చన్నీళ్లు లాగుతుంది, ఫ్లష్ వాల్వు నొక్కితే ఒక్కసారిగా బోలెడు నీళ్లు పోతాయి. అప్పుడు గోడల రాపిడికి చన్నీళ్ల గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, తెరిచి ఉన్న దారిలోంచి వేణ్ణీళ్లు ఇటు దూకుతాయి. షవరు కింద ఉన్నవాడికి ఒళ్లు కాలడం కూడా దీనివల్లే, పక్కన ఎవరో ఫ్లష్ నొక్కారు, అంతే. పై అంతస్తుల్లో ట్యాంకు నుంచి షవరుకు మూడు మీటర్ల ఎత్తు కూడా ఉండదు, అక్కడ ఈ కుదుపులు మరీ ఎక్కువ. వాళ్లు ఏం చేస్తారు? ప్రెషర్ పంపు పెట్టించుకుంటారు, అదీ చన్నీళ్ల లైనుకు మాత్రమే. ఇప్పుడు చన్నీళ్లకు పంపు బలం, సోలారు వేణ్ణీళ్లకు ఎత్తు బలం. మిక్సరు దగ్గర చన్నీళ్లే గెలుస్తాయి, గెలిచి ఊరుకోక వేణ్ణీళ్ల గొట్టంలో ఎదురెక్కి సోలారు ట్యాంకు దాకా పోయి గాలి గొట్టంలోంచి మిద్దె మీదికి పొంగుతాయి. సోలారు ట్యాంకు కారుతోందని కంపెనీకి ఫోన్లు చేస్తారు. అది కారడం కాదు, కింద ఎవరి బాత్‌రూములోనో తెరిచి ఉన్న మిక్సరు ఆనవాలు.

ఇక పంపూ లేదు, కుళాయిలూ ఎవరూ తిప్పలేదు, అర్ధరాత్రి అంటారా? అప్పుడు కూడా ఒత్తిళ్లు పూర్తిగా సమానం కావు. 60 డిగ్రీల నీరు 25 డిగ్రీల నీటి కన్నా నూటికి 1.4 వంతు తేలిక. పది మీటర్ల నిలువు గొట్టాల మధ్య ఆ తేడా 14 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. చూడటానికి చిన్నదే, కానీ సోలారు గాజు గొట్టాల్లోంచి వేడి నీరు తనంతట తానే ట్యాంకులోకి ఎక్కేది ఈ తేడా బలం మీదే, దానికి వేరే మోటారేమీ లేదు. కింద దారి తెరిచి ఉండి, సోలారుకు చన్నీళ్లు అందే చోట వెనక్కి పోనివ్వని వాల్వు లేకపోతే, బరువైన చన్నీరు రాత్రంతా వేణ్ణీళ్ల గొట్టంలోని నీళ్లను పైకి నెడుతూ ఉంటుంది. సాయంత్రం కాగి ఉన్న ట్యాంకు పొద్దున్నకు చల్లారిపోతుంది, మబ్బు పట్టిందనో గాజు గొట్టాలు పాడయ్యాయనో అనుకుంటారు. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు గానీ, ఈ తోడు మాత్రం ఎవరికీ అక్కర్లేనిది.

బావ: ఇదంతా నువ్వు ఊహించి చెబుతున్నావు. గోడలో గొట్టాలు దాటుతున్నాయనడానికి రుజువేది?

బావమరిది: రుజువుకు రూపాయి ఖర్చు లేదు. గీజరు స్విచ్చి తీసేయండి. గీజరులోకి చన్నీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ కట్టేయండి. ఆ బాత్‌రూములో వేణ్ణీళ్ల కుళాయి మాత్రమే తిప్పండి. లోపలికి నీళ్లు పోవడం లేదు కాబట్టి బయటికీ రాకూడదు, గొట్టంలో మిగిలిన కాసిని వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా ధార కడుతూనే ఉందా, ఆ నీళ్లు చన్నీళ్ల గొట్టంలోంచి దాటి వస్తున్నట్టే, వేరే దారి లేదు. ఇప్పుడు ఒక్కొక్క మిక్సరు కింది యాంగిల్ కాకులు కడుతూ రండి. దేన్ని కట్టినప్పుడు ధార ఆగిందో దోషం దానిదే. సోలారుకైతే మిద్దె మీద వేణ్ణీళ్లు దిగే వాల్వు కట్టి ఇదే పని చేయండి.

బావ: ఒక ఇల్లయితే సరే. మా అపార్టుమెంటులో 24 ఫ్లాట్లకు ఒకటే సోలారు లైను. మూడో అంతస్తులో ఎవడో చేతి షవరు వదిలేస్తే ఒకటో అంతస్తులో నీళ్లు చల్లబడతాయి, అంతేగా నువ్వనేది? ఇరవై నాలుగు ఇళ్ల బాత్‌రూముల్లోకి నన్ను ఎవరు రానిస్తారు? దానికన్నా ఉమ్మడి సోలారు తీయించేసి, ఎవరి గీజరు వాళ్లు పెట్టుకోండంటే మీటింగులో తగువైనా తీరుతుంది.

బావమరిది: తగువు తీరుతుంది, కరెంటు బిల్లు మొదలవుతుంది. ఎవరి బాత్‌రూములోకీ పోనక్కర్లేదు బావగారూ. నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించండి, ఇవాళ రాత్రి మిక్సర్ల పిళ్లన్నీ పూర్తిగా కట్టి పడుకోండని. పొద్దున్నకు సోలారు వేడి నిలిస్తే జబ్బేమిటో తెలిసినట్టే. నిలవకపోతే ఎక్కడో కార్ట్రిడ్జ్ అరిగింది. ఫ్లాటు ఫ్లాటుకూ వేణ్ణీళ్ల వాల్వు ఉంటే సగం ఫ్లాట్లవి కట్టి చూడండి, దోషం ఉన్న సగంలో మళ్లీ సగం, అలా చూస్తే 24 ఇళ్లలో ఒక ఇంటిని పట్టుకోవడానికి ఐదు పరీక్షలు మించవు. దొరికిన తర్వాత ఫ్లాటులోకి వేణ్ణీళ్లు వచ్చే చోట ఎన్నార్వీ, అంటే ఇందాక చెప్పిన వెనక్కి పోనివ్వని వాల్వు, వేయించండి, ఆ ఇంటి తప్పు ఆ ఇల్లు దాటి రాదు.

బావ: ఎన్నార్వీలు మాత్రం శాశ్వతమా? మన బోరు నీళ్లకు ఇసుక చిక్కి ఆ రెక్క సగం తెరుచుకుని ఉండిపోతుంది.

బావమరిది: నిజమే, ఉప్పు నీళ్ల ఊళ్లలో దాన్ని ఏడాదికోసారి విప్పి కడగాలి. సున్నం వేడి నీటిలోనే ఎక్కువ దిగుతుంది కాబట్టి వేణ్ణీళ్ల వైపు గొట్టాలూ షవరు రంధ్రాలూ ముందు పూడుకుంటాయి, మిక్సరులో వేడి తగ్గడానికి ఒక్కోచోట అదే కారణం. ఎన్నార్వీ గురించి అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. గీజరు లోపలికి వెళ్లే దారిలో అది ఉంటే, 15 లీటర్ల నీళ్లు 60 డిగ్రీలకు కాగి ఉబ్బినప్పుడు పెరిగే సుమారు 200 మిల్లీలీటర్లకు వెనక్కి పోయే దారి ఉండదు. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు రాలేది అందుకే. అది జబ్బు కాదు, గీజరు ఊపిరి. చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా బిగించే మహానుభావులున్నారు. ఆ పని ఎవరు చేసినా గీజరును బాంబుగా మార్చినట్టే.

బావ: ఒళ్లు కాలే బాధ లేకుండా థర్మోస్టాట్ 45కు తగ్గించేస్తే ఈ ఒత్తిళ్ల రామాయణం వినే పని తప్పుతుంది కదా?

బావమరిది: కాలే భయం నిజమైనదే. 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలో చర్మాన్ని గాయపరుస్తాయి, పిల్లలకూ ముసలివాళ్లకూ ఇంకా తొందరగా. కానీ 20 నుంచి 45 డిగ్రీల నీళ్లు లెజియోనెల్లా అనే బాక్టీరియాకు పుట్టిల్లు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన సభకు వచ్చినవాళ్లు న్యుమోనియాతో చనిపోయిన తర్వాతే దాని సంగతి లోకానికి తెలిసింది. గీజరులో 60 దగ్గర ఉంచి కుళాయి దగ్గర చల్లబరచడమే పద్ధతి. చిన్నపిల్లలున్న ఇంట్లో థర్మోస్టాటిక్ మిక్సరు పెట్టించండి, ఫ్లష్ నొక్కినా అది వేడిని తనే సర్దుకుంటుంది. ఖరీదు ఎక్కువే, ఇక్కడ మాత్రం ఖర్చు పెట్టమనే అంటాను.

బావ: నీ మాట వింటే ప్రతివాడూ పానా పట్టుకుని గీజరు మీద పడతాడు. కరెంటూ నీళ్లూ కలిసిన చోటు అది.

ఈ మాటకు బావమరిది దగ్గర పెద్దగా జవాబు లేదు, ఉండనక్కర్లేదు కూడా. వాల్వులు కట్టడం, చూడటం, గడియారం లెక్కపెట్టడం ఇంటివాళ్లు చేయవచ్చు. గీజరు మూత విప్పడం మాత్రం ఎంసీబీ దించిన తర్వాత, తెలిసిన మనిషి చేయవలసిన పని. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో అసలు వెతకవలసింది నీళ్ల వేడి కాదు, ఎర్తింగే. బావగారు నెగ్గే చోటు మరొకటి ఉంది. గొట్టాలన్నీ గోడల్లో పూడ్చి, పైన టైల్స్ అతికించి, ఏది ఎటు పోతోందో చెప్పే కాగితం ఒక్కటీ చేతికివ్వకుండా తాళాలు అప్పగించిన ఇంట్లో, ఎంత తెలివైన మేస్త్రీ అయినా చివరికి సుత్తి ఎత్తవలసిందే. అలాంటి చోట గీజరు మార్చడమే చవక అనిపించడం బావగారి తప్పు కాదు, కట్టినవాడి తప్పు.

కాబట్టి ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లకు ఒక మనవి. టైల్స్ అతికించకముందే ప్రతి బాత్‌రూము గోడకూ పక్కన టేపు పట్టి ఫొటోలు తీయించి దాచుకోండి. వేణ్ణీళ్ల గొట్టానికి ఒకటి, చన్నీళ్ల గొట్టానికి ఒకటి, చేతికి అందే చోట వాల్వులు పెట్టించమని పట్టుబట్టండి. ప్రెషర్ పంపు పెడితే రెండు లైన్లకూ పెట్టండి, లేకపోతే మానుకోండి.